పెద్దనాన్న మెచ్చిన దేశం

మా పెద్దనాన్న జీవితంలో పరాయి దేశం వెళ్లింది రెండేసార్లు. మొదటిసారి పార్టీ పంపితే సోవియట్ దేశానికి, రెండోసారి నేను టికెట్ కొంటే సింగపూర్‌కి. మొదటి ప్రయాణం మూడు వారాలు. దాని ముచ్చట మాత్రం ముప్పై ఏళ్లు చెప్పాడు. అక్కడ ఇంటి అద్దె నామమాత్రమట, ఆసుపత్రిలో పైసా అడగరట, ఫ్యాక్టరీలో మేనేజరూ కూలీ ఒకే బల్ల మీద తింటారట. మేం పిల్లలం కంచాల ముందు కూర్చుని ఎన్నోసారో వినేవాళ్లం. "వాళ్లు చూపించింది చూసి వచ్చావు అన్నయ్యా" అని మా నాన్న ఏడిపించేవాడు. "చూపించడానికైనా ఒకటుంది గదరా వాళ్ల దగ్గర" అనేవాడు పెద్దనాన్న. ఆ దేశం ముక్కలైన ఏడు ఆయన కొన్నాళ్లు పేపర్ చదవడం మానేశాడు. ఇంట్లో ఎవరూ పోలేదు గానీ పోయినట్టే ఉండేది.

ఆయన పెళ్లి చేసుకోలేదు. కృష్ణా జిల్లాలో రైసు మిల్లు కూలీల సంఘమే ఆయన సంసారం. ఏ ఊరు వెళ్లినా ముందు కూలీలు ఎక్కడ తింటున్నారో అక్కడికి పోయి, వాళ్లు తినేదే ఓ ముద్ద తిని, ఆ తర్వాతే కష్టసుఖాలు అడిగేవాడు. అడిగాక వాళ్లలో ఒకణ్ని వెంటబెట్టుకుని యజమాని దగ్గరికి వెళ్లేవాడు. "నేనొక్కణ్నే పోతే అది నా గొడవ అవుద్ది. కూలీ నోటితోనే చెప్పించాలి" అనేవాడు. పిలవని పేరంటాలకు వెళ్లడమే మా బావగారి ఉద్యోగం అని అమ్మ నవ్వేది. నాకు మాత్రం ఆయనంటే ప్రాణం. పుస్తకం పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఆ చదువుతో నేను బ్యాంకుల కొలువు చెయ్యడానికి పోవడాన్ని ఆయన మెచ్చుకోలేదు. క్షమించాడు, అంతే.

కంప్యూటర్ నేర్చినవాళ్లని ఏదో ఒక దేశం పిలుస్తూనే ఉన్న రోజులవి. నేను సింగపూర్‌లో చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్ పని చూసేదాన్ని. మధ్యాహ్నం ఎక్స్‌పో స్టేషన్ దగ్గర నిలబడితే అమీర్‌పేటలో నిలబడ్డట్టే ఉండేది, అంతమంది మనవాళ్లు. టాంపినీస్‌లో ఒక ఫ్లాట్ అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. ఒక్కసారి వచ్చి చూసి పొమ్మని రెండేళ్లు బతిమాలాక పెద్దనాన్న సరేనన్నాడు. "డబ్బున్నోళ్ల ఊరు. నాకక్కడ ఏం పని" అంటూనే వచ్చాడు.

విమానాశ్రయం నుంచి వస్తుంటే ట్యాక్సీ కిటికీలోంచి వరసగా అపార్ట్‌మెంట్ బ్లాకులు చూసి, "ఇవి ఎవరు కట్టారు?" అన్నాడు. ప్రభుత్వం అన్నాను. "ఆ పక్కవో?" అవీ ప్రభుత్వమే. "మరి ఆ వెనకాలవి?" ఈ దేశంలో ఎక్కువమంది ఉండేది ప్రభుత్వం కట్టించిన ఇళ్లలోనే పెద్దనాన్నా అంటే, ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇళ్ల స్థలాల కోసం కలెక్టరాఫీసు ముందు కూర్చుని కూర్చుని జుట్టు ఊడిన మనిషి. చివరికి పట్టాలు ఇచ్చారు, తీరా వెళ్లి చూస్తే ఆ స్థలం చెరువులో ఉంది.

ఆ రోజు నుంచి ఆయన్ని పట్టడం నా వల్ల కాలేదు. నేను ఆఫీసుకి వెళ్లగానే బయల్దేరేవాడు. సాయంత్రం వచ్చేసరికి చెప్పడానికి బోలెడు పోగేసి ఉంచేవాడు. బ్లాకు కింద ఖాళీ జాగాలో మొన్న మలయ్‌వాళ్ల పెళ్లి జరిగిందట, ఇవాళ అక్కడే చైనావాళ్లు శవాన్ని ఉంచి ప్రార్థనలు చేస్తున్నారట. "పెళ్లికీ చావుకీ ఒకే చోటు! మన ఊళ్లో కులానికో శ్మశానం" అన్నాడు. తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టిపోతే ఆ చోటు ఎవరూ ముట్టుకోరని పక్కింటి పిల్ల చెప్పిందట. "అది chope, తాతా. Cannot sit lah" అందట. మన ఊళ్లో బస్సు సీటు మీద తువ్వాలు వెయ్యడం లాంటిదేనన్నాను. "మనవాళ్లు తువ్వాలు తీసి పక్కన పారేసి కూర్చుంటారు గదమ్మాయ్, అదీ తేడా" అన్నాడు. కాఫీ కొట్టు దగ్గర ఒక చైనా ముసలాయనతో స్నేహం కలిసింది. ఇద్దరికీ ఉమ్మడిగా తెలిసిన భాష లేదు. గంటలకొద్దీ కూర్చునేవాళ్లు.

"ఇది సోషలిజం కాదు పెద్దనాన్నా. ఇక్కడ జెండా పట్టుకుని రోడ్డు మీదికి రావడం కుదరదు" అని ఒకరోజు ఉండబట్టలేక అన్నాను.

"ఇల్లిచ్చాక ఇంకా రోడ్డు మీదికెందుకమ్మాయ్?" అన్నాడు.

జీవితమంతా జెండా మోసిన మనిషి నోట ఆ మాట నాకు నచ్చలేదు. కానీ ఆయన ముఖంలో నా చిన్నప్పుడు చూసిన వెలుగు మళ్లీ కనిపించింది. పోగొట్టుకున్న దేశం ఆయనకి ఇక్కడ దొరికింది. దాన్ని లాక్కోవడానికి నాకు నోరు రాలేదు.

మా పక్క బ్లాకుకి అప్పుడు రంగులు వేస్తూ, లిఫ్టులు మారుస్తున్నారు. పొద్దున్నే లారీలో వచ్చే కూలీల్లో తెలుగువాళ్లు ఉన్నారని పెద్దనాన్న చెవికి తెలిసిపోయింది. ఒక ఆదివారం నన్ను కూడా తీసుకెళ్లాడు, వాళ్లకి ఆ రోజూ పనే. అందరిలోకీ అమలాపురం అవతలి నుంచి వచ్చిన ఒకతను ఆయనకు బాగా దగ్గరయ్యాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. ఊళ్లో కొబ్బరి దింపు పని చేసేవాడట. పెద్దనాన్నని "బాబుగారండి" అన్నాడు. "బాబులూ గీబులూ ఎవరయ్యా ఇక్కడ" అని ఈయన కసురుకుంటే "పెద్దాయనగారండి" దగ్గర రాజీ కుదిరింది.

"ఇల్లు కట్టుకుంటన్నానండి. గోడలు లేచాయండి" అని చెప్పాడు నాతో. "ఇంకో ఏడాది ఇక్కడుంటే స్లాబు పడిపోద్దండి. అది పడిపోతే నాకింక బెంగలేదండి."

ఆ ఏడాది కోసమే అతను బతుకుతున్నాడని వింటేనే తెలిసింది. సెలవు తీసుకోడట, ఒంట్లో బాగా లేకపోయినా చెప్పడట.

తర్వాతి వారం, నేను ఆఫీసులో ఉన్న ఒక మధ్యాహ్నం పెద్దనాన్న వాళ్లతోపాటు భోజనానికి కూర్చున్నాడు. జరిగింది ఆయనే సాయంత్రం నాకు చెప్పాడు. అన్నం పొట్లం విప్పగానే పులిసిన వాసన వచ్చిందట. చీకటితోనే లారీతోపాటు వచ్చే అన్నం, ఎండలో మధ్యాహ్నం దాకా అలాగే ఉంటుంది. "చారు కలిపేసుకుంటే తెలీదండి" అన్నాడట అమలాపురం అతను. ఈయన ఆ అన్నమే తిన్నాడు. తిని, చెయ్యి కడుక్కుని, అతని రెక్క పట్టుకుని లేవదీశాడు.

"వద్దండి, పెద్దాయనగారండి. పోనీండి" అన్నాడట అతను.

"భయపడకయ్యా, నేనున్నా గదా" అని సూపర్‌వైజర్ గదికి తీసుకెళ్లాడు. అతన్ని ముందు నిలబెట్టి, తన పాత యూనియన్ ఇంగ్లీషులో విషయం చెప్పి, "నువ్వూ చెప్పు" అన్నాడు. అతను తలొంచుకుని, అన్నం పాడైపోతోందని చెప్పాడు. సూపర్‌వైజర్ పెద్దనాన్నకి కుర్చీ వేసి, చల్లటి డ్రింక్ ఇచ్చి, "ఓకే అంకుల్, నేను చూస్తాను" అన్నాడట.

"చూశావా అమ్మాయ్! మన దగ్గరైతే నెలల తరబడి ధర్నా చెయ్యాలి. ఇక్కడ కుర్చీ వేసి విన్నారు" అని పెద్దనాన్న పొంగిపోయాడు.

నా దగ్గరున్నదీ పనికిచ్చే పర్మిట్టే, కాకపోతే కాస్త పై రకం కార్డు. ఇక్కడ పనికి వచ్చినవాడు ఆ పని ఉన్నన్నాళ్లే ఉండాలని నాకు తెలుసు. ఆ ఇళ్లు ఇక్కడివాళ్లకి, కట్టేవాళ్లకి కాదని కూడా తెలుసు. చెప్పాను. ఆయన నవ్వి, "నీకు మీ బ్యాంకు నేర్పిన పిరికితనం" అన్నాడు.

మర్నాడు అన్నం పదకొండు దాటాక వచ్చింది, పొగలు కక్కుతూ. ఆ తర్వాతి రోజూ అలాగే వచ్చింది. పెద్దనాన్న చూడటానికి వెళ్తే కూలీలు పొట్లాలు తీసుకుని బ్లాకు కింది స్తంభాల అవతలికి జరిగిపోయారు. అమలాపురం అతను కనిపించలేదు. అడిగితే ఎవరూ చెప్పలేదు. చివరికి వాళ్లలో పెద్దవాడొకడు చెయ్యి కడుక్కునే నెపంతో దగ్గరికి వచ్చి, "పర్మిట్టు కేన్సిలు చేసేశారండి. తువాస్‌లో డార్మెటరీలో ఉంచారండి, టిక్కెట్టు రాగానే ఎక్కించేత్తారండి. మీరింక ఇటు రాకండి, దణ్నం పెడతాను" అన్నాడట.

నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పెద్దనాన్న దీపం వెయ్యకుండా కూర్చుని ఉన్నాడు. తువాస్ ఎక్కడని అడిగాడు. నాకు కోపం వచ్చింది, ఆయన మీదా, ఆ కంపెనీ మీదా, వేడన్నం తింటున్న మిగతావాళ్ల మీద కూడా. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నోటిదాకా వచ్చింది. ఆయన్ని చూసి మింగేశాను.

మర్నాడు సెలవు పెట్టి తీసుకెళ్లాను. తూర్పు కొస నుంచి పడమటి కొసకి రైలు, ఆ తర్వాత బస్సు. రైలు కిటికీలో బ్లాకుల వెనక బ్లాకులు పోతూనే ఉన్నాయి. ఈసారి ఆయన ఎవరు కట్టారని అడగలేదు. సగం దూరం పోయాక మాట్లాడాడు.

"వాడు వద్దన్నాడమ్మాయ్. నేను వినలా. మిల్లు దగ్గర ఎంతమందిని ఇట్టా ముందు నిలబెట్టానో. పని పోయినోడు మర్నాడు ఇంకో మిల్లులో మూట మోస్తా కనపడేవాడు. అంచేత ఏమీ కాలేదనుకున్నా. ఇంటికిపోయి వాళ్లు ఏం తిన్నారో నేనెప్పుడూ చూడలా."

ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. చాలా ముసలివాడైపోయాడని అప్పుడే గమనించాను.

డార్మెటరీ గేటు లోపలికి మమ్మల్ని రానివ్వలేదు. కబురు పంపితే అతనే బయటికి వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చుట్టాలు వచ్చినట్టు నవ్వుతూ. పెద్దనాన్న రెండు చేతులూ జోడించబోతే పట్టుకుని ఆపేశాడు. "తప్పండి, పెద్దోరు. మీరు మంచికే చేశారండి. ఆళ్లకి వేడన్నం వత్తంది గదండీ" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఏ మాత్రం లేదు. ఉండి ఉంటే బాగుండేది.

కార్మిక శాఖలో ఫిర్యాదు చేద్దాం, నేను వెంట వస్తానని అన్నాను. "వద్దమ్మగారండి. మళ్లీ ఎప్పుడైనా ఇంకో కంపెనీలో వద్దామన్నా పేరు చెడిపోద్దండి" అన్నాడు. ఈసారి పెద్దనాన్న నా వైపు చూసి, ఆపమన్నట్టు తలూపాడు.

అప్పుడు అతనే అడిగాడు.

"ఒక్క సాయం చేత్తారాండి? మా ఇంటిదానికి ఫోన్ చేసి, ఇక్కడ పనైపోయింది, అందర్నీ పంపేత్తన్నారని చెప్పండి. నేను చెబితే నమ్మదండి. ఎవరితోనో గొడవెట్టుకున్నానని ఏడుత్తాదండి. పెద్దోరు, మీరు చెబితే నమ్ముద్దండి."

పెద్దనాన్న అబద్ధం చెప్పగా నేను ఎప్పుడూ వినలేదు. పోలీసులు కొట్టినప్పుడు కూడా చెప్పలేదని మా నాన్న అనేవాడు. నంబరు కలిపి ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టాను. అతను నాలుగడుగులు అవతలికి పోయి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

"సింగపూర్ నుంచి మాట్లాడుతున్నానమ్మా. మీ ఆయనకి తెలిసినవాణ్ని" అన్నాడు పెద్దనాన్న. గొంతు సవరించుకున్నాడు. "ఇక్కడ కట్టడం పనైపోయిందమ్మా. అందర్నీ పంపేస్తున్నారు. అతని తప్పేం లేదు."

అవతల ఆమె గట్టిగా మాట్లాడుతోంది, నాకూ వినిపించింది.

"వచ్చేత్తన్నారాండి? నిజంగానాండి? స్లాబుదేవుందండి, తాటాకు కప్పుకుంటాం. మనిషొత్తే చాలండి. చంటిది ఆళ్ల నాన్న మొగం మర్చిపోయిందండి. ఆరోగ్యం బాగుందాండి ఆయనకి?"

"బాగుందమ్మా" అన్నాడు పెద్దనాన్న. ఇంకేదో అనబోయి, ఫోన్ నాకు ఇచ్చేశాడు.

అతను ఇటు తిరిగి, "ఏవందండి? ఏడిసిందాండి?" అన్నాడు.

"లేదయ్యా. సంతోషించింది" అన్నాడు పెద్దనాన్న. "మనిషొస్తే చాలంది."

అంతసేపూ నవ్వుతూ మమ్మల్ని ఓదార్చిన మనిషి ఆ మాటకి గేటు పక్కన కూలబడి, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. పెద్దనాన్న వెళ్లి అతని పక్కనే నేల మీద కూర్చున్నాడు.