ఉస్తాద్ కొనిపించిన పొడుగు కేబుల్

మా ఉస్తాద్ పోయారు. మొన్న పొద్దున ఆయన భార్య ఫోన్ చేశారు. "ఛాయ్ తాగి కుర్చీల ఒరిగిండు బిడ్డా, పిలిస్తె పలుకలే. దవాఖానకు తీసుకపోయేదాక గూడ ఆగలే" అన్నారు. ఏడుస్తూనే, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, నాకు కాస్త ఊరట కలిగింది. ఛాయ్ తాగాకే పోయారు. సగం కప్పు వదిలేసి లేచే మనిషి కాదాయన.

వరంగల్‌లో అండర్ బ్రిడ్జి దాటాక ఉండే ఆయన వెల్డింగ్ షెడ్డులో తొమ్మిదేళ్లు పని నేర్చుకున్నాను. మాది మరమగ్గాల ఇల్లు. నేను జాయింటు పాడుచేసిన ప్రతిసారీ, "తెగిన పోగు అతికే ఇంట్ల పుట్టినవు, నీకు అతుకుడు నేర్పుడు నా కర్మ" అని తిట్టేవారు. తిట్టి, తన టిఫిన్‌లోంచి సగం రొట్టె నా వైపు తోసేవారు.

నేను సొంతంగా పని మొదలుపెట్టిన రోజులు గుర్తొస్తున్నాయి. మరిపెడ వైపు పొలాల గుండా నీళ్ల పైపులైను పడుతోంది. మొదటి జాయింటు ప్రెషర్‌కు ఆగితే లైనంతా నాకే, కారితే నేను ఇంటికే. పాత మినీ ట్రక్కు ఒకటి కొన్నాను. దానిమీద వెల్డింగ్ సామానంతా బిగించుకుని పైపు దగ్గరికే వెళ్లాలి. ఏం కొనాలో తెలుసుకోకముందే, ఫోన్‌లో చూసి అన్నిటికన్నా పెద్ద జనరేటర్ వెల్డింగ్ మెషిన్ మీద మనసు పారేసుకున్నాను.

ఉస్తాద్ కాదనలేదు. సుద్దముక్క తీసుకుని షెడ్డు నేల మీద ట్రక్కు తొట్టి కొలతకు గీతలు గీశారు. "గిందుల పెట్టు నీ సామాను" అన్నారు. పెద్ద మెషిన్‌కు బదులు రెండు డ్రమ్ములు, సిలిండర్లకు బదులు బిందెలు, మిగతా వాటికి అట్టపెట్టెలు పెట్టాను. ఆయన గీత బయట స్టూల్ వేసుకుని, "గ్రైండర్ ఇయ్యి, క్లాంపు ఇయ్యి" అని అడగడం మొదలుపెట్టారు. ఏది అడిగినా ముందు డ్రమ్ము జరపాలి. పక్క కిరాణా అక్క చూసి, "గీ వయసుల తొక్కుడుబిళ్ళ ఏంది ఉస్తాదు?" అని ఒకటే నవ్వు. మధ్యాహ్నానికి నా పెద్ద మెషిన్‌ను నేనే గీత బయటికి దొర్లించాను.

మెషిన్ల దుకాణంలో ఆయన ధోరణి వేరు. దుకాణం అతను రంగు గురించి, మెరుపు గురించి చెబుతుంటే, "సూసి కొననీకి ఇది చీరనా? జర నడిపియ్యి" అన్నారు. ఒకే మెషిన్ మీద నన్ను వెల్డింగ్ చేయమని, అతన్ని గ్రైండర్ పట్టమని, తను మాత్రం వీపు తిప్పి నిలబడ్డారు. రెండు పనులూ ఒకేసారి మీద పడగానే మొదటి రెండు మెషిన్ల చప్పుడు నీరసించింది, ఆయనకు నచ్చలేదు. మూడోది, చిన్నది, మోగుతుండగా వెనక్కి తిరిగారు. "దీనికి దమ్మున్నది."

పెద్దదానికి దాచుకున్నదాంట్లో మిగిలిందంతా కేబుల్ మీద పెట్టించారు. నేను మొహం వేలాడేశాను. "పైపు నీ కాడికి నడిసి రాదు బిడ్డా, నువ్వే పైపు కాడికి పోవాలె" అన్నారు. "పొడుగు పెంచినంక లావు గూడ పెంచాలె. సన్నదైతె కరెంటు తొవ్వలనే అలసిపోతది."

ఆయన చెప్పిందల్లా వేదమేమీ కాదు. బ్యాటరీ గ్రైండర్ కొంటానంటే బొమ్మ అని ఎగతాళి చేశారు. నెల తిరక్కుండా ఆ బొమ్మను అడిగి తీసుకెళ్లారు, మళ్లీ ఇవ్వలేదు.

మరిపెడలో పైపు దగ్గరికి దారి లేదు. మధ్యలో విచ్చిన పత్తి. చేను గలామె గట్టు మీద నిలబడి, "బండి దిగిందో, మంచిగుండదు!" అంది. ట్రక్కు రోడ్డు మీదే ఆగింది. నేనూ, నాతో వచ్చిన ఉస్తాదూ కేబుల్ భుజాన వేసుకుని సాళ్ల మధ్య నడిచాం. కొంతసేపు చూసి, పత్తికి తగలకుండా ఆమే వచ్చి కేబుల్ ఎత్తి పట్టుకుంది. పైపు దగ్గరికి చేరాక ఇంకో రెండు బారల కేబుల్ మిగిలింది. ఆ క్షణంలో ఆయన కాళ్లకు మొక్కాలనిపించింది. అప్పుడు మొక్కలేదు. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

జాయింటు వేశాను. చల్లారాక నీళ్లు నింపి పంపు కొట్టించి, పైపులైను ఇంజినీరు ప్రెషర్ మీటరు ముల్లు చూస్తున్నాడు. ఉస్తాద్ తువ్వాల పరుచుకుని సరిగ్గా జాయింటు కింది గోతిలో వెల్లకిలా పడుకున్నారు.

"పెద్దాయనా, పైకి రండి. పగిలితే ప్రమాదం!" అని ఇంజినీరు అరిచాడు.

"మా పిలగాడు ఏసిన జాయింటు సార్ అది. చుక్క రాలితె నేనే లేస్త. మీరు ముల్లు జూసుకోండ్రి."

కాసేపటికి గోతిలోంచి గురక వినిపించింది. ముల్లు కదల్లేదు. ఇంజినీరు నవ్వాపుకుంటూ కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపోయాడు. లేపబుద్ధి కాలేదు నాకు. గట్టు మీద కూర్చుని, ఒక్క చుక్కా పడని ఆ మొహాన్నే చూస్తూ ఉండిపోయాను.