‘ద’కీ ‘ధ’కీ మధ్య ఒక కాలెట్

అమీర్‌పేటలో గోడలకి ఏ రంగు వేశారో ఎవరికీ తెలియని రోజులవి. కింది నుంచి పై అంతస్తు దాకా కోర్సుల బోర్డులే. కొత్తగా పరిచయమైనవాణ్ణి "ఏ ఊరు?" అని కాకుండా "ఏ కోర్సు?" అని అడిగేవాళ్ళం. నేను బందరు వైపు నుంచి మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా పట్టుకొచ్చి, చదివిందంతా మరిచిపోయినట్టు నటిస్తూ మూడు నెలలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకున్నాను. ఉద్యోగం రాలేదు. రాకపోయేసరికి ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళే నన్ను పాఠాలు చెప్పమన్నారు. (ఉద్యోగం రానివాడు ఉద్యోగం ఎలా తెచ్చుకోవాలో చెబుతుంటే హాలు నిండా జనం నోట్సు రాసుకునేవారు. ఇప్పుడు తలుచుకుంటే వాళ్ళందరికీ పేరుపేరునా క్షమాపణ చెప్పాలనిపిస్తుంది.) ఎదుటివాడి ప్రోగ్రాంలో తప్పులు ఎలా పట్టాలో రోజూ చెప్పేవాణ్ణి కదా, నా పనిలో తప్పుండదని ఒక గట్టి నమ్మకం కూడా ఏర్పడిపోయింది.

అయినా మిషన్ నూనె వాసన మీద మమకారం పోలేదు. మధురానగర్‌లో మేడ మీద రేకుల గదిలో ఉండేవాణ్ణి. (హైదరాబాదులో దాన్ని పెంట్‌హౌస్ అంటారని అద్దెకు దిగాకే తెలిసింది. ఇంటికి రాసిన ఉత్తరంలో ఆ మాట వాడితే మా నాన్న బెంగపెట్టుకున్నాడు.) ఆ గది ముందున్న రేకుల పంచన ఒక చెక్కుడు మిషను కట్టడం మొదలుపెట్టాను. పాత ప్రింటర్లలోంచి, పాత ఆఫీసు మిషన్లలోంచి మోటార్లు ఊడదీసి, పట్టాలమీద బిగించి, సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్‌కి కలిపాను. కంప్యూటర్‌లో బొమ్మ గీస్తే మిషను అదే బొమ్మని చెక్కలో కోస్తుంది. కోసే పనిముట్టు మాత్రం వడ్రంగులు చేత్తో పట్టుకుని వాడే రౌటర్. దాని కోసం అమీర్‌పేటంతా తిరిగాను. "రౌటర్ ఉందా?" అంటే ప్రతి షాపువాడూ ఇంటర్నెట్ డబ్బా తీసి చూపించేవాడు. "ఇది కాదండీ, చెక్క కోసేది" అంటే ఒకాయన నన్ను ఎగాదిగా చూసి, "మీరు ఏ కోర్సు సార్?" అన్నాడు. చివరికి సికింద్రాబాదు వెళ్ళి రాణీగంజ్‌లో కొనుక్కొచ్చాను.

మా రూమ్మేట్ కరీంనగర్ కుర్రాడు. నెట్‌వర్కింగ్ నేర్చుకునేవాడు కాబట్టి అందరం ‘కేబుల్’ అనేవాళ్ళం. మంచివాడే గాని, నా మిషను మీద వాడికి సదభిప్రాయం లేదు. "అన్నా, పప్పుల పోపు తక్కువున్నది, చెక్కపొట్టు ఎక్కువున్నది. నీ మిషను బువ్వ తిననిస్తలేదు" అనేవాడు.

మా ఇంటి ఓనరు ఒక టీచరుగారు. రాజమండ్రి వైపు నుంచి వచ్చి, సర్కారు బడిలో పిల్లలకి తెలుగు చెప్పి రిటైరైంది. సాయంత్రాలు కింద వరండాలో చుట్టుపక్కల పిల్లల్ని కూచోబెట్టుకుని అక్షరాలు దిద్దించేది. ఇంగ్లీషు మీడియం పిల్లలు, ఇంట్లో తల్లులు బతిమాలితే వచ్చేవాళ్ళు. ఒకరోజు ఆవిడ మెట్లెక్కి పైకొచ్చింది. ఎన్నడూ రాని మనిషి. మిషను చప్పుడు గురించి చీవాట్లు తప్పవనుకుని నేను స్విచ్చి ఆపేశాను.

"ఏమయ్యా, ఆ మిషనుతో అక్షరాలు కోయగలవా? తెలుగు అక్షరాలు. దళసరిగా, చేత్తో పట్టుకునేలా?"

"ఎందుకు కోయలేనండీ! అచ్చులు, హల్లులు, మొత్తం కోసిస్తాను. అచ్చుగుద్దినట్టు ఉంటాయి. వారం రోజులు చాలు."

"వారం కాకపోతే రెండు వారాలు తీసుకో. ఒత్తులు మాత్రం సరిగ్గా రావాలి. ద వేరు, ధ వేరు. అది మరిచిపోకు" అని చెప్పి, గోడ పట్టుకుని నెమ్మదిగా దిగి వెళ్ళింది.

వారం రోజులూ నాకు పండగే. కానీ రౌటర్ ఆన్ చెయ్యగానే కోసే మొన (మేము బిట్టు అనేవాళ్ళం) సన్నగా వణికేది. మొన వెడల్పు మూడు మిల్లీమీటర్లయితే చెక్కలో కోత దాదాపు నాలుగు వచ్చేది. మామూలు అక్షరాలకి ఫరవాలేదు, కాస్త చిక్కినట్టు ఉండేవి అంతే. ఒత్తు అక్షరాల దగ్గరే చిక్కొచ్చింది. ‘ద’ అడుగున నిలబడే చిన్న గీత ఉంది చూశారూ, దాన్నిబట్టే కదా అది ‘ధ’ అవుతుంది. ఆ గీతని రెండు వైపుల నుంచీ మొన కొరికేసి, పుల్లలా మిగిల్చి, ఆఖరి చుట్టులో విరగ్గొట్టేది. ‘ఫ’ కాస్తా ‘ప’ అయ్యేది. ‘ఢ’ కాస్తా ‘డ’ అయ్యేది. నేను టెస్టింగ్ మాష్టార్ని కదా, తప్పు ఎక్కడుందో వెతకాలి. వెతకలేదు. బిట్టు కాడకి సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి బిగించాను. వణుకు ఇంకా పెరిగింది. అప్పుడు విరిగిన గీతల చోట లప్పం మెత్తి, గీతలా దిద్ది, పైన నీలం రంగు పూసేశాను. దూరం నుంచి చూస్తే అద్భుతంగా ఉన్నాయి. కేబుల్ కూడా, "మస్తుగున్నయన్నా" అన్నాడు. (వాడు రెండు గజాల దూరంలో నిలబడి, పళ్ళు తోముకుంటూ అన్న మాట అది. నేనది పరిగణనలోకి తీసుకోలేదు.)

అట్టపెట్టెలో పెట్టి కిందికి పట్టుకెళ్ళాను. టీచరుగారు వరండాలో కుర్చీలో కూచుని ఒక్కో అక్షరాన్నీ ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో అంచు వెంబడి నెమ్మదిగా రాస్తూ పోయింది. "అ... ఆ... క... గ..." ముఖంలో చిన్నపిల్ల సంతోషం. ఒకచోట వేలు ఆగింది.

"ఇది ద."

"కాదండీ, ధ."

ఆవిడ మళ్ళీ తడిమింది. అడుగున ఉన్న లప్పం గీత ఆవిడ గోరు తగిలి రాలి, చీర కుచ్చెళ్ళలో పడింది. "ద యే నాయనా."

నాకు పౌరుషం వచ్చింది. "ధ అండీ! ఒకసారి సరిగ్గా చూడండి!"

ఆవిడ తలెత్తింది. నా వైపే చూసింది గాని, నా ముఖానికి కాస్త పక్కగా చూసింది. "చూడగలిగితే నిన్నెందుకు అడుగుతానయ్యా?" అంది.

నేను నిలబడ్డచోటే నీరుగారిపోయాను. ఆవిడ గొంతు తగ్గించి చెప్పింది. కుడికన్ను పోయి ఏడాది దాటిందట. ఎడమకన్ను మంచుపట్టిన అద్దంలా ఉందట, ఇక బాగయ్యేది కాదని డాక్టరు చెప్పేశాడట. పిల్లలు పలక చూపిస్తే ఏం రాశారో కనపడదు. అందుకని "ఎలా రాశావో నోటితో చెప్పు, ముందు గుండ్రంగా తిప్పావా, తలకట్టు పెట్టావా" అని అడిగి, విన్నదాన్నిబట్టి మార్కులు వేస్తోంది. "తల్లులకి తెలిస్తే పంపరు. పంపకపోతే సాయంత్రం నాలుగింటికి నేనేం చెయ్యాలో నాకు తెలీదు. చెక్క అక్షరాలైతే పిల్లాడు తెచ్చి చేతిలో పెడతాడు, తప్పో ఒప్పో వేలితో చెప్పేయొచ్చనుకున్నాను. ఎవరితోనూ అనకు." లప్పం ముక్కని చీర మీంచి దులిపి, "నీ మిషను బాగానే ఉందయ్యా, నా ఆశే ఎక్కువైంది" అని అక్షరాలన్నీ జాగ్రత్తగా పెట్టెలో సర్దింది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

మర్నాడు పొద్దున్నే రౌటర్‌ని చేతిసంచిలో వేసుకుని పంజాగుట్ట పోయాను. అక్కడ ఒక సందులో రేకుల షెడ్డులో ఒక లేత్ మిషను చాచా ఉండేవాడు. తెల్లగడ్డం, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. ఆయన రౌటర్‌ని బల్లకి బిగించి, వణుకు కొలిచే డయల్ గేజిని బిట్టు కాడకి ఆనించి, చేత్తో మెల్లగా తిప్పాడు. ముల్లు అటూ ఇటూ ఊగింది. పడవలో కూచున్నవాడి తలకాయలా ఊగింది.

"దేఖో బేటా. గీ కాలెట్ పావు ఇంచుది. నువ్వు పెట్టిన బిట్టు కాడ ఆరు మిల్లీలది. రెండింటికి జర ఫరక్ ఉన్నది. గా జాగల బిట్టు నాట్యం చేస్తున్నది. నువ్వేం చదివినవ్?"

"మెకానికల్ ఇంజనీరింగ్" అన్నాను, ఎంత మెల్లగా అనగలనో అంత మెల్లగా.

చాచా బిట్టు ఊడదీశాడు. వెండి కాగితం ముక్కని రెండు వేళ్ళతో పైకి తీసి వెలుతురులో చూసి, మర్యాదగా పక్కన పెట్టాడు. కాలెట్ అంటే బిట్టుని పట్టుకునే చిన్న ఉక్కు గొట్టం. వేలి కణుపంత ఉంటుంది, చుట్టూ చీలికలుంటాయి, నట్టు బిగిస్తే ముడుచుకుని బిట్టుని పట్టేస్తుంది. అది సరైన కొలత కాకపోతే ఎంత బిగించినా ఒక అంచునే పట్టుకుంటుంది. నేను మోటార్లు మార్చాను, పట్టాలు మార్చాను, ప్రోగ్రాం పదిసార్లు తిరగరాశాను. వేలి కణుపంత దాన్ని పట్టించుకోలేదు.

"ఏం కోస్తున్నవ్? పూలా, డిజైన్లా?"

"అక్షరాలు చాచా. తెలుగువి. అడుగున చిన్న గీత ఉండాలి, అది విరిగిపోతోంది. విరిగితే వేరే అక్షరం అయిపోతుంది." టీచరుగారి పేరెత్తకుండా, "చూపు లేనివాళ్ళు తడిమి చదవడానికి" అన్నాను.

చాచా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మా ఉర్దూల సుత గంతే. ఒక్క చుక్క పోతే మాట మొత్తం ఖరాబ్. ఫికర్ చెయ్యకు. దుకాణంల దొరికేది వద్దు, నేనే చేసిస్త. మూడు రోజులు టైమియ్యి."

మూడో రోజుకి చేశాడు. ఉక్కు కడ్డీని లేత్ మీద చెక్కి, సరిగ్గా ఆరు మిల్లీల బెజ్జం వేసి, సన్నగా చీల్చి, ఎర్రగా కాల్చి నూనెలో ముంచాడట. చేతిలో పెడితే ఇంకా నూనె వాసన వేస్తోంది. నేను దాన్ని రుమాల్లో చుట్టుకుని బస్సులో వచ్చాను, టిక్కెట్టు అడిగితే ఆ చెయ్యి తెరవలేక రెండో చేత్తో జేబు తడుముకున్నాను. మేడెక్కి, బిగించి, ఆన్ చేశాను. మళ్ళీ వణికింది!

రౌటర్‌ని సంచిలో వేసుకుని మళ్ళీ బస్సెక్కి పోయి, "చాచా, మీ కాలెట్ కూడా వణుకుతోంది" అన్నాను. టెస్టింగ్ మాష్టారి గొంతు అది, మళ్ళీ లేచింది. చాచా కాలెట్‌ని చూడనే లేదు. దాన్ని బయటికి తీసి, కాలెట్ కూచునే గుంతలోకి టార్చి వేసి, అగ్గిపుల్లకి గుడ్డపీలిక చుట్టి లోపల తిప్పాడు. నల్లగా, తారులా గట్టిపడ్డ చెక్కపొట్టు వచ్చింది. ఇంకో పుల్ల. ఇంకొంచెం వచ్చింది. "కొత్త దుల్హన్‌ని తెచ్చినవ్, ఇల్లు ఊడవలేదు" అన్నాడు. షెడ్డులో పక్క మిషను మీదున్నాయన కూడా నవ్వాడు. నాకు కూడా నవ్వొచ్చింది, కాస్త ఆలస్యంగా. బిగించి తిప్పితే ఈసారి డయల్ గేజి ముల్లు నిద్రపోయినట్టు కదలకుండా ఉంది. మేమిద్దరం దాన్ని కాసేపు ఊరికే చూస్తూ నిలబడ్డాం.

ఆ సాయంత్రం మిషను చప్పుడే మారిపోయింది. ఇదివరకటి గరగర లేదు, తేనెటీగ పాటలా ఒకే శ్రుతి. ‘ధ’ గీత చెక్కలోంచి మెల్లగా బయటపడి, విరక్కుండా నిలబడింది. గబగబా కేబుల్‌ని పిలిచాను. వాడు అక్షరాన్ని తీసుకుని గీతని గోటితో మీటాడు. "గిది ఇరగది అన్నా" అన్నాడు. తర్వాత నాకు చెప్పకుండానే గరుకు కాగితం తీసుకుని పక్కన కూచున్నాడు. ఎవరికోసమో అడగలేదు. రెండు వారాలు ఇద్దరం చెక్కపొట్టు పప్పు తిన్నాం, వాడు ఒక్కసారి కూడా సణగలేదు.

ఈసారి రంగు పూయలేదు. చెక్క చెక్కలాగే పట్టుకెళ్ళాను. టీచరుగారు ఒక్కోటీ తడుముతుంటే నా చేతులు నా వెనకే దాక్కున్నాయి. ఉద్యోగం ఇంటర్వ్యూల్లో కూడా అంత భయపడలేదు. "ద" అని పక్కన పెట్టింది. తర్వాతది తీసుకుని, వేలు అడుగుకి పోనిచ్చి, ఆ గీత దగ్గర ఆపి, అక్కడే కాసేపు ఉంచింది. "ధ" అంది. అని, పమిటతో కళ్ళొత్తుకుని, "ఇక్కడ చిన్న పేడు లేచింది, పిల్లలకి గుచ్చుకుంటుంది, అది నున్నగా చెయ్యి" అంది. తప్పు పట్టకుండా ఊరుకుంటే ఆవిడ టీచరెలా అవుతుంది!

మర్నాడు ఆవిడ నేను ఊహించని పని చేసింది. పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లుల్ని వరండాలోకి పిలిచి, "నాకు కళ్ళు కనపడటం లేదమ్మా. ఇన్నాళ్ళూ దాచాను, తప్పే. ఇకనుంచి చేతులతో పాఠం చెబుతాను. మీకు నమ్మకముంటే పంపండి" అని చెప్పేసింది. నేను మెట్ల మీద నిలబడి విన్నాను. ఇద్దరు తల్లులు మానిపించారు. మిగతావాళ్ళు పంపించారు. కొన్నాళ్ళకి ఎర్రమంజిల్ క్వార్టర్స్ నుంచి ఒకావిడ, చూపు తక్కువున్న తన కూతుర్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆ పిల్ల మొదటిరోజే ‘ఖ’ని గుండెలకి హత్తుకుని ఇంటికి పట్టుకుపోతానని ఏడ్చింది. దానికోసం ఇంకో ‘ఖ’ కోశాను.

వానలు మొదలయ్యేసరికి నాకు నిజంగానే ఉద్యోగం వచ్చింది, బెంగుళూరులో. వెళ్ళేముందు మిషను చాచాకి ఇచ్చేశాను. రాత్రి బస్సుకి బయల్దేరుతూ టీచరుగారికి చెప్పడానికి కిందికి వెళితే పాఠం జరుగుతోంది. "కూచో" అంది. పిల్లల మధ్య బాసింపట్టు వేసుకుని కూచున్నాను. "కళ్ళు మూసుకో" అని నా అరచేతిలో ఒక అక్షరం పెట్టింది. నేనే గీసి, నేనే కోసి, నేనే రుద్దిన అక్షరం. ఎంత తడిమినా తెలియలేదు. "ఘ?" అన్నాను. పిల్లలు గొల్లుమన్నారు. "య?" అన్నాను. ఎర్రమంజిల్ పిల్ల నా చేతిలోంచి లాక్కుని, ఒక్కసారి తడిమి, "మ! ఇది కూడా తెలీదా అంకుల్?" అంది. టీచరుగారు దాన్ని మళ్ళీ నా చేతిలో పెట్టించి, నా వేలు పట్టుకుని, ‘మ’ చుట్టూ మొదట్నుంచి చివరిదాకా నెమ్మదిగా తిప్పించింది. "తొందర లేదు నాయనా, నీ బస్సుకి ఇంకా టైముంది" అంది.

జుట్టులో చెక్కపొట్టుతో, కళ్ళు మూసుకుని, పిల్లల నవ్వుల మధ్య ఎర్రబడిన ముఖంతో కూచున్న ఆ కుర్రాడు అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. వాడికి లోకంలో అందరి తప్పులూ పట్టడం వచ్చు, ‘మ’ మాత్రం రాదు. నాకు వాడంటే ఇప్పటికీ ఇష్టం.