కూతదా తప్పు, పట్టుదా

గల్ఫ్‌లో అస్కర్ అనే చోట, కూలీల క్యాంపులో మాకొక కబడ్డీ జట్టు ఉండేది. అల్యూమినియం ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద పనిచేసే వాళ్లమే అందరం. జగిత్యాల, సిరిసిల్ల వైపు మనుషులం. మా బావ, అంటే అక్క భర్త, అక్కడ వెల్డర్. నేను పరంజాలు కట్టేవాణ్ని. ఆటలో బావ కూతకు వెళ్లేవాడు. నేను మూలన నిలబడి, కూతకొచ్చినవాడి మడమ పట్టేవాణ్ని. ఇద్దరిదీ ఒకే గది, ఒకే వంట.

ఆ శుక్రవారం నువైద్రాత్ దగ్గరి ఖాళీ జాగాలో హమద్ టౌన్ వాళ్లతో ఆడాం. ఆ వారమంతా ఫ్యాక్టరీలో ఒక భాగం ఆపేసి మరమ్మతులు చేయించారు. ఓవర్‌టైం మీద ఓవర్‌టైం. మ్యాచ్ రోజు కూడా పొద్దున డ్యూటీ చేసి, నేరుగా బస్సెక్కాం. ఆట వాయిదా వేద్దామని కొందరికి తోచే ఉంటుంది, కానీ పైకి ఎవరూ అనలేదు.

చివరి దాకా మేమే ఒక్క పాయింటు ముందున్నాం. ఆఖరి కూతకు బావ వెళ్లాడు. గీత దగ్గరే కూత లాగి తిరిగొచ్చినా చాలు, ఆట టైం అయిపోయేది. కానీ ఎందుకో లోపలికంటా పోయాడు. ముగ్గురు మీదపడి పట్టేశారు. లెక్క సమమైంది, బావ బయటికి పోయాడు. ఇంకా ఒక్క కూతకు టైం మిగిలింది, వాళ్ల కూతగాడు వచ్చాడు. వాడి మడమ నా చేతికి చిక్కింది కూడా. పక్కవాడు వచ్చి నడుము పట్టేలోపే ఇసుకలో నన్ను ఈడ్చుకుంటూ పోయి నడిగీత అందుకున్నాడు. ఓడిపోయాం.

తిరుగు ప్రయాణంలో బస్సులో కూతకు వెళ్లేవాళ్లంతా ముందు సీట్లలో కూర్చున్నారు. పట్టేవాళ్లం వెనక. ఎవరూ చెప్పకుండానే అలా జరిగింది.  సగం దారిలో బావే మొదలుపెట్టాడు, వెనక్కి తిరగకుండా.

"మేం పాయింట్లు తెచ్చుడు, మీరు పోగొట్టుడు. చేతికొచ్చిన కాలు ఇడిసిపెడ్తరా ఎవరన్న?"

"ఇడిసిపెట్టలే బావా. అయినా నువ్వు లోపటికి ఎందుకు వోయినవ్? ఉత్తగ తిరిగొస్తె గెలుస్తుంటిమి."

"నాకు ఆట నేర్పుతున్నవా?"

"నేర్పుతలేను. ఉన్నది అంటున్న. నువ్వు దొరకకపోతే వాళ్ల ఆఖరి కూతకు పనే లేకుండె."

వెనకున్నవాళ్లు నన్ను సమర్థించారు, ముందున్నవాళ్లు బావను. మాట పెరిగింది. జట్టుకు పెద్ద దిక్కయిన ఫోర్‌మన్‌ను మేం కాకా అనేవాళ్లం. ఆయన డ్రైవర్ పక్కన కళ్లు మూసుకుని కూర్చున్నాడు. వినలేక చివరికి అన్నాడు: "ఆడింది ఏడుగురే గదరా. కూతకు పోయినోడే మర్ల వచ్చి పట్టుకు నిలవడాలె. పట్టు దొరికితేనే బయటున్న కూతగాడు లేచి మర్ల ఆటలకు వస్తడు. గీంట్ల నీది, నాది ఏడున్నది?" ఆ మాట సరైనదే. అయితే ఆ పూట సరైన మాట వినే ఓపిక మాలో ఎవరికీ లేదు.

మర్నాటి నుంచి గదిలో బావ వేరే వండుకున్నాడు. మిగతా గదుల్లోనూ ఒకరిద్దరు అలాగే విడిపోయారు. ఆట సంగతి ఇంటిదాకా పోయింది. అక్క ఫోన్ చేసింది.

"మీ బావను పదిమంది ముంగట గట్ల అంటవారా తమ్మి?"

"ఆయన నన్ను ఏమన్నడో చెప్పలేదా అక్కా?"

"చెప్పిండు. నువ్వు చిన్నోనివి గదా."

 అక్క, బువ్వ తిన్నావా అని అడిగి పెట్టేసింది. సముద్రం అవతల కూర్చున్న అక్కకు ఒక కాలు ఎలా జారిందో ఏమని వివరించను?

ఆ రోజు ఎవరో ఫోన్‌లో ఆట వీడియో తీశారు. తేల్చుకుందామని భోజనం వేళ నీడలో కూర్చుని అందరం చూశాం. కూతవాళ్లకు నా చెయ్యి వదులవడం కనపడింది. మాకు బావ లోపలికి పోవడం కనపడింది. మళ్లీ మళ్లీ చూసినా అంతే. నాకు మాత్రం ఇంకొకటి కూడా కనపడింది. కూతకు, కూతకు మధ్య మా వాళ్లంతా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడి ఉన్నారు. అవతలి జట్టు గెంతుతోంది. ఆ మాట నేను అనేలోపే యల్లా, పదండి అని సూపర్‌వైజర్ కేకేశాడు. లేచి పోయాం.

ఇలా కొన్ని వారాలు గడిచాయి. ఒకే పొయ్యి దగ్గర ఒకరి వంట అయ్యాక ఇంకొకరం. పలకరింపు లేదు. ఎండలు ముదిరాయి. ఒక సాయంత్రం నేను పప్పు పెడుతుంటే బావ కడిగిన బియ్యం గిన్నె తెచ్చి నా పక్కన పెట్టాడు.

"దీంట్ల నీయి గూడ పోసిన. ఇంటికొచ్చి మర్ల వేరే వండుడు నాతోని అయితలేదు బామ్మర్ది."

"నాతోని గూడ అయితలేదు."

పప్పు ఉడికేదాకా ఇద్దరం గోడకానుకుని కూర్చున్నాం. అప్పుడు బావ అడిగాడు.

"నిజం చెప్పు. ఆ కాలు నీ చేతిలకెళ్లి జారిందా?"

"జారలే. పట్టు పెట్టిన. వేళ్లల్ల సత్తువ లేకుండె. పొద్దుగాల పైపులు మోసిన చేతులు గదా."

ఆయన తల ఊపాడు. "నేను గూడ లోపటికి పోదామని పోలే. తిరుగుదామనే అనుకున్న. కాళ్లు తిరగలే. దమ్ము అయిపోయింది. బస్సుల గా మాట ఎట్ల చెప్తా?"

నాకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. వడ్డించాను. ఇద్దరం తిన్నాం. ఆ తర్వాత బావ ఆడలేదు. జట్టు మరో రెండు చలికాలాలు నడిచి, సగం మంది కాంట్రాక్టు అయిపోయి వెళ్లిపోవడంతో ఆగిపోయింది. అక్క మాత్రం ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది. తప్పు నాదేనంటుంది. బావ పక్కనే ఉండి, "ఇడిసిపెట్టవే" అంటాడు. నేనూ సరిదిద్దను. తప్పు ఎవరో ఒకరి మీద పెట్టాలి కదా.