మూడో ఫ్రీజరు, పద్నాలుగో పెట్టె

మా బావకు కోపం రాదు. ఆయన మీద నాకున్న మొదటి ఫిర్యాదే అది. క్షయ మీద పరిశోధన చేసే ల్యాబులో పంతొమ్మిదేళ్లు కాంట్రాక్టు మీద పనిచేశాడు. "వచ్చే ఏడాది పర్మినెంట్ చేస్తాం" అని ఏటా వాళ్లు అనడం, ఈయన ఇంటికొచ్చి అదేదో శుభవార్తలా మా అక్కకు చెప్పడం. నేను అదే ల్యాబులో జనరేటరు చూసుకుంటాను. కరెంటు పోతేనే నాకు పని. ఆయనకు రోజూ పనే.

నమూనాలు దాచడం ఆయన ఉద్యోగం. రోగుల కఫం, రక్తం చిటికెనవేలంత ట్యూబుల్లో వస్తాయి. సున్నాకు ఎనభై డిగ్రీలు కిందికి చల్లబరిచే ఫ్రీజర్లలో వాటిని పెట్టాలి, అడిగినప్పుడు తీసివ్వాలి. ఫ్రీజరులో ర్యాకులు, ర్యాకులో పెట్టెలు, పెట్టెకు తొమ్మిది వరసలు, వరసకు తొమ్మిది గుంటలు. తలుపు నిమిషం మించి తెరిచి ఉంచితే అలారం గోల పెడుతుంది. కొత్తగా చేరిన కుర్ర సైంటిస్టులు కాగితం పట్టుకుని దిక్కులు చూస్తుంటే, మా బావ దళసరి గ్లౌజులు తొడుక్కుని, మంచు కూడా తుడవకుండా కావలసిన ట్యూబు బయటికి లాగేవాడు. అందరూ "ఐసుగారూ" అని పిలిచేవాళ్లు. ఆ పాటి పిలుపుకే పొంగిపోయేవాడు. ఇంట్లో వంటింటి డబ్బాలకు కూడా నంబర్లు వేశాడు. "చక్కెర కావాలంటే నేను రిజిస్టరు చూసుకోవాలిరా తమ్ముడూ. పైగా అది నేను తినకూడదు కూడానూ" అని అక్క నా దగ్గర నవ్వేది. ఆమెకు షుగరు.

ఒకసారి ఏదో అధ్యయనానికి ఆరోగ్యవంతుల కఫం కావలసి వచ్చింది, రోగుల కఫంతో పోల్చి చూడటానికి. బయటినుంచి ఎవరొచ్చి ఇస్తారు? ల్యాబుకు అధిపతి అయిన పెద్ద మేడం సిబ్బందినే ఇమ్మంది. ఇరవై ఆరుగురం ఇచ్చాం. పేర్లు రాయలేదు, నంబర్లే. ఏ నంబరు ఎవరిదో ఎవరికీ తెలియకూడదట, అది పద్ధతట. ఫారాల మీద మాచేత సంతకాలు పెట్టించింది మా బావే. ట్యూబులకు లేబుళ్లు అంటించి పెట్టెలో సర్దిందీ ఆయనే. అందరివీ సర్దాక, పెళ్లిభోజనాల్లో ఇంటాయన ఆఖరి బంతిలో కూర్చున్నట్టు, తనది చివర పెట్టుకున్నాడు. మూడో ఫ్రీజరు, పద్నాలుగో పెట్టె, మూడో వరసలో ఎనిమిదో గుంట.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక పొద్దున, మరోసారి పరీక్షించాల్సిన ట్యూబుల జాబితా ఆయన చేతికి వచ్చింది. అవన్నీ క్షయ క్రిములు పెరిగిన ట్యూబులు. నలభై రోగులవి, ఒక్కటి మాత్రం ఆరోగ్యవంతుల పెట్టెలోది. మూడో వరస, ఎనిమిదో గుంట. అలారం మోగకముందే మా బావ ఆ ట్యూబు తీసి, తలుపు మూసి, రిజిస్టరులో సంతకం పెట్టాడు. ఈ సంగతులన్నీ నాకు చాలా ఆలస్యంగా తెలిశాయి.

ఆ మధ్యాహ్నమే మేడం గదికి వెళ్లాడు.

"మేడం, మన స్టాఫులో ఒకరికి వచ్చింది కదండీ. వాళ్లకి చెప్పరా?"

"ఎవరికని చెప్పాలయ్యా? మనకి పేర్లు తెలీవు కదా."

"మరి వాళ్లింట్లో వాళ్లకి అంటుకుంటే?"

"ఫలితాలు ఎవరికీ చెప్పబోమని ఫారంలో రాసే ఉంది. సంతకం పెట్టేముందు చదువుకోవాలి. అయినా అది ఎవరిదో నీకేమైనా తెలుసా?" అని మేడం తలెత్తి చూసింది.

తెలుసంటే నంబరు గుట్టు బయటపెట్టినట్టు. కాంట్రాక్టు మనిషిని పంపించెయ్యడానికి ఆ ఒక్క తప్పు చాలు. పైగా ఆ వారమే పర్మినెంట్ జాబితా వచ్చింది, పంతొమ్మిదేళ్ల తర్వాత అందులో ఆయన పేరుంది. వైద్య పరీక్ష, ఆ తర్వాత ఆర్డరు, మొత్తం నాలుగు నెలల పని. జబ్బుందని తేలితే ఆర్డరు రాదు. క్షయ మందులు పేరు నమోదు చేసుకోకుండా ఇవ్వరు. ఆ పేర్ల జాబితా వచ్చేది మా ల్యాబుకే.

"తెలీదు మేడం" అన్నాడు మా బావ.

నాలుగు నెలలు నోరు మూసుకుని ఉంటే సరిపోతుందనుకున్నాడు. అక్కకు చెప్పలేదు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. ఆమెకు తెలిస్తే నాకు తెలుస్తుంది, నాకు తెలిస్తే నేను ల్యాబు పీకి పందిరేస్తాను. ఆ లెక్క మాత్రం సరిగ్గానే వేశాడు. కంచం, గ్లాసు వేరు పెట్టుకున్నాడు. తువ్వాలు వేరు. ఉక్కగా ఉందని పడక మేడ మీదికి మార్చాడు. అక్క దగ్గరికొస్తే మొహం తిప్పుకుని పక్కకు జరిగేవాడు. పెళ్లైన ఇరవై రెండేళ్లలో ఎన్నడూ లేని వరస.

అక్క నా దగ్గరికొచ్చి కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "మీ బావకి ఎవరో తగులుకున్నారురా. నా నీడ పడితేనే సహించట్లేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. నేరుగా మేడెక్కి, చాప మీద కూర్చుని ఉన్న మనిషి చెంప ఛెళ్లుమనిపించాను. ఎగిరిపడ్డ కళ్లజోడు తీసుకుని తుడుచుకున్నాడే తప్ప నన్ను పల్లెత్తు మాట అనలేదు.

"నాలుగు నెలలు ఓపిక పట్టమను మీ అక్కని. తర్వాత అంతా చెబుతాను."

"ఏం, ఈలోపు దాన్ని వదిలించుకుంటావా?" అన్నాను.

కళ్లజోడు పెట్టుకుని చాప అంచు సర్దుకున్నాడు. నేననుకున్నదే నిజమనుకున్నాను.

వైద్య పరీక్షలో మా బావ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది, కఫంలో క్రిమి ఉన్నా ఒక్కోసారి ఎక్స్‌రేలో కనపడదట. పాసయ్యాడు. అప్పటికే అక్క దగ్గుతోంది. సాయంత్రమయ్యేసరికి జ్వరం, జాకెట్లు వదులు. షుగరు ఎక్కువైందని పక్కవీధి డాక్టరు మాత్ర మార్చాడు. దిగులుతో చిక్కిపోతోందని నేననుకున్నాను. అసలు కారణం తెలిసినవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. ఎంత పిరికితనం! అక్క నెత్తురు కక్కుకున్నాక ఆసుపత్రిలో చేర్చాం. అప్పటికి రెండు ఊపిరితిత్తులూ పాడైపోయాయి. ఆమె కఫం పరీక్షకు మా ల్యాబుకే వచ్చింది. సర్దింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

చేర్చిన ఆరో రోజున మా బావ వార్డుకొచ్చాడు. ఆర్డరు ఆ పొద్దున్నే చేతికందింది, చొక్కా జేబులో మడత పెట్టి ఉంది. మంచం పక్కన నిలబడి మొదటినుంచీ చెప్పుకొచ్చాడు, పెట్టె, వరస, గుంట, జాబితా వచ్చిన తారీఖుతో సహా. లెక్క అప్పజెబుతున్నట్టే ఉంది గొంతు. ఈయన్ని ఇక్కడే చంపేస్తాననుకున్నాను, కానీ చెయ్యి లేవలేదు.

అక్క ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపింది.

"అయితే ఎవరూ లేరా?"

"ఎవరు?"

"ఆడమనిషి."

"ఛ. ఎవరూ లేరు."

"నా మీద ఒట్టు?"

ఆయన ఆమె నెత్తి మీద చెయ్యి వేశాడు. నాలుగు నెలల్లో ఆమెను ముట్టుకోవడం అదే మొదటిసారి. "నీ మీద ఒట్టు."

అక్క నవ్వింది. "ఎంత ఏడిపించారండీ, పిచ్చి మనిషీ" అంది. నా వైపు తిరిగి దువ్వెన అడిగింది. ఆసుపత్రిలో చేరాక దువ్వెన అడగడం అదే మొదలు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయిందని నర్సు చెప్పింది.

తొమ్మిదో రోజున పోయింది.

మా బావ ఆరు నెలలు మందులు మింగాడు, నయమైంది. పర్మినెంట్ ఉద్యోగి ఇప్పుడు. ఎదురుపడితే జనరేటరు సంగతి అడుగుతాడు, చెబుతాను. అక్క నవ్విన ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా నాకొకటే అనిపిస్తుంది. నిజంగానే ఇంకో ఆడది ఉండి ఉంటే ఎంత బాగుండేది. అక్క నాలుగు రోజులు ఏడ్చి, ఆయన్ని నోరారా తిట్టి, పెట్టె సర్దుకుని మా ఇంటికొచ్చేసేది.