లైనుకీ జనరేటర్‌కీ నడుమ

ఇల్లుబస్సు అన్న పేరు మేం పెట్టింది కాదు. మా వీధి పిల్లలు పెట్టారు. మా ఆయన మాత్రం దాన్ని మోటర్‌హోమ్ అనేవారు.

గుడివాడలో ఆయనకు మోటారు రీవైండింగ్ షాపు ఉండేది. బోరు మోటార్లు, మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు, ఏది కాలిపోయి వచ్చినా విప్పి కొత్త తీగ చుట్టేవారు. నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. మాకు పిల్లలు లేరు. యాభై దాటాక, ఒక ఎండాకాలం, ఎవరో దంపతులు బండిలోనే కాపురం పెట్టి దేశాలు తిరుగుతున్న వీడియోలు ఆయన ఫోన్‌లో చూడడం మొదలుపెట్టారు. మొదట భోజనం దగ్గర చూశారు. తర్వాత షాపులో చూశారు. చివరికి గుడ్లవల్లేరు రోడ్డులో ఒక షెడ్డులో మూలపడి ఉన్న పెళ్ళిళ్ళ మినీ బస్సును తెచ్చి మా గుమ్మం ముందు నిలబెట్టారు.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"చూస్తూ ఉండు. ఇందులో నీకు వంటిల్లు కట్టిస్తా."

కట్టించారు. సీట్లు పీకేసి మంచం, గ్యాస్ పొయ్యి, చిన్న ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు పెట్టించారు. వెనక ఇనప పెట్టెలో పెట్రోలు జనరేటర్ పెట్టారు. తలుపు పక్కన గోడకి ఒక ఛేంజోవర్ స్విచ్ బిగించారు. దాని పిడి పైకి ఎత్తితే బయటి లైను, కిందికి దించితే జనరేటర్, మధ్యలో ఉంటే ఏదీ రాదు. ఆ రెండూ ఒకదాన్నొకటి ఎప్పుడూ కలవకుండా చూడడమే దాని పని అని నాకు చెప్పారు. నాకు అప్పట్లో అది పెద్దగా ఎక్కలేదు. బస్సుకి కర్టెన్లు ఏ రంగువి కుట్టాలా అన్న ఆలోచనలో ఉన్నాను.

విదేశాల్లో బండ్లు నిలుపుకోవడానికి కరెంటు, నీళ్ళు ఉన్న స్థలాలుంటాయట. మాకు రైసుమిల్లుల ఆవరణలు, టిఫిన్ హోటళ్ళ పెరళ్ళు, మంగినపూడి బీచిలో సరుగుడు తోటల నీడ ఉండేవి. ఎక్కడాగినా మా తంతు ఒకటే. ఆయన టెస్ట్ ల్యాంపు పట్టుకుని వాళ్ళ ప్లగ్గులో ఏది ఫేజో, ఎర్త్ ఉందో లేదో చూసేవారు. ఎర్త్ లేకపోతే మా ఇనప కడ్డీని తడినేలలోకి కొట్టేవారు. లావు కేబుల్‌ని చుట్ట పూర్తిగా విప్పి పరిచేవారు, చుట్టగా ఉంటే వేడెక్కుతుందని. జనరేటర్ వేసేటప్పుడయితే దాని పొగ కిటికీలోకి రాకుండా గాలి ఎటు వీస్తోందో చూసి మరీ బస్సుని తిప్పి నిలిపేవారు. నేను లోపల ఫ్రిజ్, ఫ్యాన్లు అన్నీ ఆపి కేకేస్తే, జనరేటర్ చప్పుడు కుదురుకునేదాకా ఆగి, పిడిని మధ్యలోకి తెచ్చి, ఒక్క క్షణం నిలిపి, అప్పుడు దించేవారు. తర్వాత నేను ఒక్కొక్కటే వేసుకునేదాన్ని. ఈ తంతు అయ్యేదాకా టీ ఉండేది కాదు. విసుగొచ్చేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ టీ రుచే వేరు అనిపిస్తుంది.

మేం ఎక్కువగా ఆగిన చోటు మోపిదేవి. గుడికి కాస్త అవతల ఒకావిడ టిఫిన్ హోటలు నడిపేది. నేను అక్కయ్యగారూ అనేదాన్ని. ఆమె భర్త పోయి చాలా కాలమైంది. ముసలి మావగారిని దగ్గరుంచుకుని, మినపట్టూ అల్లప్పచ్చడితో ఆ రోడ్డులో పేరు తెచ్చుకుంది. ఆవిడ పెరట్లో మా బస్సు ఉంటే, గుడికి వచ్చిన ఆడవాళ్ళు ఎక్కి చూసి, మంచం మీద కూర్చుని, "ఎంత బావుందండీ" అని వెళ్ళేవారు.

ఒక కార్తీక మాసంలో అక్కడుండగానే వాయుగుండం పట్టింది. రెండు రోజులు గాలీ వానా విడవలేదు. దివిసీమలో స్తంభాలు పడిపోయాయి, కరెంటు పోయింది. వాన తగ్గేసరికి పెరడంతా కొబ్బరి మట్టలు, అవతల పొలాల్లో కోతకొచ్చిన వరి నీళ్ళలో పడుకుని ఉంది. మా బస్సులో మాత్రం జనరేటర్ మీద ఫ్యాను తిరుగుతోంది.

ముసలాయనకి ఉబ్బసం. ఆ చెమ్మకి ఆయాసం ఎక్కువైంది. మందు పొగలా పీల్చే మిషను ఉంది గానీ దానికి కరెంటు కావాలి. అక్కయ్యగారు మా ఆయన దగ్గరికొచ్చింది. ఆవిడ వెనకాలే పక్కింటి రొయ్యల రైతు, చేతిలో రెండు కొసలకీ పిన్నులున్న వైరు.

"బావగారూ, ఇది మీ జనరేటర్‌కి ఒక కొస, ఈ చెల్లెమ్మ హోటలు గోడ ప్లగ్గులో ఒక కొస పెడితే ఇల్లంతా వెలుగొచ్చేస్తదండీ. మా చెరువు దగ్గరి జనరేటర్‌కి నేనట్టాగే పెడతా," అన్నాడు.

"అది వద్దండీ. ఆ వైరు అసలే వద్దు," అన్నారు మా ఆయన.

"మెయిన్ దించేస్తాం కదండీ!"

"దించినా వద్దు. లైన్‌మన్లు స్తంభాల మీద ఉంటారు. వాళ్ళు చచ్చిన లైననుకుని ముట్టుకుంటారు. మన కరెంటు వెనక్కి వెళ్ళిందంటే..."

అక్కయ్యగారి ముఖం మాడిపోయింది. "ఆయాసంతో మనిషి కొట్టుకుంటుంటే కరెంటు లేదంటారా? ఇన్నేళ్ళూ మా కరెంటు మీరు వాడుకోలేదా?"

ఆ మాటకి నేను తల ఎత్తలేకపోయాను. మా ఆయన ఆవిడ ఇంటి వైపు నడిచారు. లోపలికెళ్ళి ముసలాయన్ని రెండు చేతుల మీద ఎత్తుకొచ్చి మా మంచం మీద కూర్చోబెట్టారు. మిషను మా ప్లగ్గుకి పెట్టాం. కాసేపటికి ఆయన ఊపిరి నిమ్మళించింది. తలగడకి ఆనుకుని చుట్టూ చూసి, "అమ్మాయ్, బస్సు ఎప్పుడు బయల్దేరుద్దే?" అని నన్నడిగారు. అక్కయ్యగారు ఏడుస్తూనే నవ్వింది. కోపం మాత్రం పోలేదు. ఆ పూట మాతో మాట్లాడలేదు.

రైతుకి కూడా పౌరుషం వచ్చింది. "మీరియ్యకపోతే మా ఇల్లు చీకట్లో ఉండుద్దా?" అంటూ ట్రాక్టరు మీద చెరువు దగ్గరి డీజిల్ జనరేటర్ తెచ్చి వాకిట్లో దింపాడు. ఆ పిన్నుల వైరు తన ఇంటికి పెట్టుకున్నాడు. మెయిన్ దించాడు. నేను చూస్తూండగానే దించాడు.

మర్నాడు పొద్దున లైన్‌మన్ వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిద్ర లేదు. అక్కయ్యగారిచ్చిన ఇడ్లీ నిలబడే తిని, "ఈ వీధి లైను ఒకటి కలిపితే మీకిచ్చేస్తానండీ" అంటూ ఎదురు స్తంభం ఎక్కాడు. నేను బిందె పట్టుకుని రైతు ఇంటికి వెళ్ళాను. అతను అప్పుడే జనరేటర్ వేశాడు. వాళ్ళ నీళ్ళ మోటారు ఆడుతోంది కాబట్టి వీధంతా అక్కడే నీళ్ళు పడుతున్నారు. జనరేటర్ చప్పుడులో పక్కమనిషి మాట వినపడడం లేదు.

వెనక్కి తిరిగేసరికి స్తంభం మీద అతను బెల్టుకి వేలాడుతున్నాడు. ఒక చెయ్యి తీగకి అతుక్కునే ఉంది. కింద మా ఆయన రెండు చేతులూ ఊపుతూ నా వైపు చూసి ఏదో అరుస్తున్నారు. ఒక్క ముక్క వినపడలేదు. కానీ నాకు అర్థమైంది. బిందె వదిలేసి జనరేటర్ దగ్గరికి పరిగెత్తాను. దాన్నెలా ఆపాలో నాకు తెలీదు. దాని పక్కన బోర్డు మీద మా బస్సులో ఉన్నటువంటిదే, కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్ కనపడింది. అరచేత్తో కిందికి కొట్టాను. ఇంట్లో లైట్లు ఆరిపోయాయి.

అతని చెయ్యి తీగని వదిలి పక్కకి వేలాడింది.

నలుగురు తాళ్ళు కట్టి దించారు. బతికే ఉన్నాడు. అరచెయ్యి కాలింది, పెదాలు నల్లబడ్డాయి. మా బస్సులోనే పడుకోబెట్టి అవనిగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దారిలో అతను కళ్ళు తెరిచి ఒకే మాట పదేపదే అన్నాడు. "ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు తీసేశానండీ. నేనే తీశానండీ." నేను అతని తల పట్టుకుని, "తీశావు నాన్నా, నీ తప్పేం లేదు" అంటూనే ఉన్నాను.

సాయంత్రం తిరిగొచ్చేసరికి రైతు మా కోసం పెరట్లో కూర్చుని ఉన్నాడు. పొద్దుట్నించీ అన్నం ముట్టలేదట.

"దించానండీ బావగారూ. మా అమ్మ మీద ఒట్టు, మెయిన్ దించాను," అన్నాడు.

"దించారు. మా ఆవిడ చూసింది. పదండి, విప్పి చూద్దాం."

మా ఆయన ఆ పాత ఇనప మెయిన్ మూత తీశారు. పిడి కిందికే ఉంది. లోపల రెండు బ్లేళ్ళలో ఒకటి దానితో పాటు కిందికి వచ్చింది. రెండోది ఉప్పుగాలికి తుప్పు పట్టి పైనే అతుక్కుని ఉండిపోయింది. దాని గుండానే జనరేటర్ కరెంటు వీధి లైనులోకి వెళ్ళింది. బయట్నుంచి చూసినవాళ్ళకి అది తెలిసే దారి లేదు. రైతు ఆ తుప్పు బ్లేడుని వేలితో తాకాడు. అక్కడే గచ్చు మీద చతికిలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. మా ఆయన పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశారు. నేను చెప్పానుగా అన్న మాట అప్పుడూ అనలేదు, తర్వాతా అనలేదు.

కరెంటు వచ్చాక మేం వెంటనే వెనక్కి రాలేదు. రైతు బందరు వెళ్ళి ఛేంజోవర్ స్విచ్ కొనుక్కొచ్చాడు. మా ఆయన బిగించారు. అక్కయ్యగారు తన హోటలుకీ ఒకటి పెట్టమంది. బిగిస్తున్నంతసేపూ స్టూలు పట్టుకుని నిలబడి, "ఆ రోజు నోరు జారానండీ" అంది.

"ఇంట్లో మనిషికి బాగోకపోతే ఎవరైనా అంటారమ్మా," అన్నారాయన స్క్రూలు నోట్లో పెట్టుకునే.

ఆ తర్వాత మా ప్రయాణాలు కొంచెం మారాయి. ఛేంజోవర్ బిగించడానికి ఘంటసాల వైపు ఎవరో రమ్మనేవారు, నాగాయలంక వైపు ఇంకెవరో. ఆయన పనిముట్ల సంచీతో దిగేవారు. నేను ఎవరింటి వంటింట్లోనో కూర్చుని కబుర్లాడేదాన్ని. లైన్‌మన్ చెయ్యి నయమై మళ్ళీ పనిలో చేరాడు. మేం మోపిదేవిలో ఉన్నామని తెలిస్తే మోటారు సైకిలు ఆపి, "అమ్మగారూ, బావున్నారా?" అని పలకరించి వెళ్ళేవాడు. ముసలాయన మరో రెండు చలికాలాలు చూశారు. మేం వెళ్ళినప్పుడల్లా బస్సెక్కి కిటికీ పక్కన కూర్చునేవారు.

మా ఆయనకి నడుం నొప్పి ఎక్కువై డ్రైవింగ్ మానేశాక బస్సుని అమ్మేశాం. షాపు కూడా మూసేశారు. బందరు కుర్రాళ్ళు ఇద్దరు ఆ బస్సుని కొనుక్కుని జ్యూస్ బండి చేసుకున్నారు. మంచం తీసేశారట, నా కర్టెన్లు ఉంచారట.

ఇప్పుడు ఇంట్లో ఇన్వర్టరు ఉంది. కరెంటు పోయినా వచ్చినా మాకు తెలీడం లేదు. నాకు అన్నిటికన్నా గుర్తొచ్చేది మంగినపూడిలో సాయంత్రాలు. వంటయ్యాక ఆయన జనరేటర్ ఆపేవారు. అంతసేపూ ఆ మోత కింద అణిగిపోయిన సముద్రం చప్పుడు ఒక్కసారిగా పైకొచ్చేది. "కాసేపు ఏదీ వెయ్యకు," అనేవారు. సరుగుడు చెట్ల కింద చాప వేసుకుని, పళ్ళెంలో అన్నం చల్లారిపోతున్నా చూసుకోకుండా ఇద్దరం అలాగే కూర్చునేవాళ్ళం.