నెయ్ రకేరా ఎక్కని పడవ లేదు

నెయ్ రకేరా జన్మలో ఒక్కసారి కూడా పడవవాడి చేతిలో డబ్బు పెట్టలేదు. ఇది నేను కల్పించి చెబుతున్న మాట కాదు. మా బ్వారికిలో అడగండి, మా దీవుల మధ్యనున్న లోపలి సముద్రం దాటి బేషోలో అడగండి, బయటి సముద్రం దాటి అబయాంగ్‌లో అడగండి, అందరూ ఇదే చెబుతారు. కొందరు నవ్వుతూ చెబుతారు. నేను మాత్రం పళ్ళు నూరుతూ చెప్పేదాన్ని, ఎందుకంటే ఆవిడ ఎక్కువసార్లు ఎక్కింది మా పడవే.

మా ఆయన కబ్వేయాది ప్లైవుడ్ పడవ, వెనక ఇంజను ఉంటుంది. ఎండుకొబ్బరి బస్తాలు, ఉప్పుచేపలు, మనుషులు, ఏది దొరికితే అది వేసుకుని బేషో వెళ్ళి, బియ్యం, పిండి, కిరసనాయిలు తెస్తాడు. మనుషులు డబ్బిచ్చి ఎక్కుతారు. నెయ్ రకేరా చాప చుట్టి చంకలో పెట్టుకుని, నీళ్ళలోకి మోకాళ్ళ దాకా నడిచొచ్చి, బుబుసి అంటుంది. అంతే, మా ఆయన జరిగి చోటిస్తాడు.

అయినవాళ్ళు ఎదురుగా నిలబడి బుబుసి అన్నారంటే ఇక మాట్లాడడానికేం ఉండదు, ఇవ్వాల్సిందే. కుండ కావచ్చు, పంది కావచ్చు, కట్టుకున్న బట్ట కావచ్చు. లేదన్నవాడు సాయంత్రానికి ఊళ్ళో తలెత్తుకు తిరగలేడు. అయినవాళ్ళకే అని ఒక హద్దుంది కదా, ఆ హద్దు ఉండబట్టే మేమందరం బతుకుతున్నాం. కానీ నెయ్ రకేరాకి కానివాళ్ళంటూ ఉంటే కదా. మా ఆయన తల్లిని చిన్నప్పుడు పెంచినావిడ ఈవిడ మేనత్తకి తోడికోడలట. అలా ఈవిడ మాకు పిన్ని అయింది. పెళ్ళై వచ్చిన మూడో రోజే నాకీ సంగతి చెప్పి, నా కొత్త కొబ్బరికోరాం అడిగి పట్టుకుపోయింది.

ఆవిడ వరస కలిపే తీరు చూడడానికి నేను పనులు మానుకుని వెళ్ళేదాన్నంటే నమ్మండి. ఒళ్ళు మండేది, అయినా కాళ్ళు అటే లాగేవి. దక్షిణాది దీవి నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన పోలీసాయన, ఎవరితోనూ పలకడు, మొహం ఎప్పుడూ మాడ్చుకునే ఉంటాడు. ఆయన పడవ పక్కన నిలబడి ఈవిడ వాళ్ళ ఊరి మనేబా, అదే ఊరందరి సభాసావిడి, దాని సంగతి ఎత్తింది. సభ జరిగేటప్పుడు మీ తాతగారు ఏ స్తంభం దగ్గర కూర్చునేవారు బాబూ అని అడిగింది. తూర్పువైపు మూడోదన్నాడు. మా ముత్తాత వలసపోకముందు కూర్చున్నదీ అదే స్తంభం కింద కదా అని ఆవిడ ముక్కున వేలేసుకుంది. ఒకే స్తంభం కింద కూర్చున్నవాళ్ళు రక్తసంబంధీకులే. ఆయన టోపీ తీసి, ఆవిడ చాప తానే అందుకున్నాడు.

ఇంకోసారి ఇంజన్లు బాగుచేసే ఫిజీ మనిషి ఒకడొచ్చాడు. వీడితో ఏం కలుపుతుందిలే అని మా ఆయనతో పందెం కాశాను, మాంసం డబ్బా. ఆవిడ వాడి తల్లిది ఏ ఊరని అడిగింది, తండ్రిది ఏ ఊరని అడిగింది, ఏమీ కలవలేదు. నేను లోపల సంబరపడుతున్నాను. చివరికి వాడి బాబాయి భార్య ఫిజీలోని రాంబీ దీవి పిల్ల అని తేలింది. రాంబీ వాళ్ళు ఇక్కడి నుంచి వెళ్ళినవాళ్ళే కదా, అంటే నువ్వు నాకు అల్లుడివి అంది. వాడికి సగం మాటలు అర్థం కాకపోయినా నవ్వుతూ చెయ్యందించాడు. ఆ డబ్బా నా కళ్ళముందే మా ఆయన తెరుచుకు తిన్నాడు.

నిజం చెప్పాలంటే పడవలో ఆవిడ బరువనిపించదు. ఎవరూ చెప్పకముందే డబ్బా తీసుకుని పడవలో చేరిన నీళ్ళు తోడుతుంది. తనదంటూ సీసాలో కాస్త కల్లుపాకం తెచ్చుకుంటుంది, అందరికీ తలో గుక్కా పోస్తుంది. ఏ దీవిలో ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఎవరి పంది ఈనిందో ఆవిడే చెబుతుంది. అయితే ఎక్కడికెళ్ళినా అమ్మడానికి ఏమీ తీసుకెళ్ళదు, కొనుక్కుని ఏమీ తీసుకురాదు. మరెందుకు తిరుగుతున్నట్టు? ఇది నన్ను చాలాకాలం తొలిచింది. ఒకరోజు అడిగేశాను.

"ఇంట్లో ఉంటే ఎవరున్నారే నాకు? మొగుడు పోయాడు, పిల్ల అబయాంగ్ పోయింది. పడవ దగ్గరికొస్తే ఎవరో ఒకరు ఎక్కడికి పోతున్నావని అడుగుతారు" అంది.

నా ఇంట్లోనూ అంతే. పెళ్ళై పన్నెండేళ్ళు, నాకు పిల్లల్లేరు. మా దగ్గర అదేమంత దిక్కుమాలిన సంగతి కాదు, పిల్లల్ని కూడా అడగొచ్చు. అక్కో, వదినో కడుపుతో ఉన్నప్పుడు వెళ్ళి ఈ బిడ్డని నాకివ్వు అని అడిగితే, పాలు మానగానే ఇస్తారు. కానీ ముందెవరు అడిగితే వాళ్ళకే. నేను ఇద్దర్ని అడిగాను. ఇద్దరి దగ్గరా నాకంటే ముందే ఎవరో అడిగేశారు. ఇంటికొచ్చి రెండుసార్లూ కరువుతీరా ఏడ్చాను. తరవాత నేనెవర్నీ అడగలేదు.

నెయ్ రకేరా కూతురు ఎరేవాకి మూడో కడుపని తెలిసినప్పుడు ఈవిడ చేసిన హడావుడి అంతా ఇంతా కాదు. పుట్టేది మనవరాలైనా మనవడైనా తనే తెచ్చుకుని పెంచుకోవాలని ఆశ. అటు వియ్యపురాలు కూడా కన్నేసిందని తెలుసు. అప్పుడు బయటి సముద్రం పొంగుతోంది, మా ఆయనతో సహా ఎవరూ పడవ తియ్యడం లేదు. చర్చి పెద్దల్ని అబయాంగ్ తీసుకెళ్ళే పెద్ద పడవ ఒక్కటే బయల్దేరింది. అందులో పెద్దాయనకి ఈవిడ ఏ వరసైందో నాకు ఈరోజుకీ తెలియదు. వియ్యపురాలు నిద్రలేచేసరికి ఈవిడ అడిగేసి, మాట తీసుకుని, చేపలు కూడా తినేసి కూర్చుందట. ఊరంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

ఆడపిల్ల పుట్టింది. మరేవా అని పేరు పెట్టారు. పాలు మాన్పించారని కబురు రాగానే నెయ్ రకేరా మా పడవ దగ్గర నిలబడింది. నేనూ వస్తానన్నాను. నీకేం పని అన్నాడు మా ఆయన. చాపలకి ఆకులు తెచ్చుకోవాలన్నాను. ఆకులు మా ఊళ్ళోనూ ఉన్నాయి, ఆయన మళ్ళీ ఏమీ అడగలేదు. నాకు ఆ పిల్లని చూడాలని ఉంది. అంతే, ఇంకేమీ అనుకోలేదు వెళ్ళేటప్పుడు.

తిరుగు ప్రయాణంలో ఎరేవా ఒడ్డున నిలబడి చేతులు ఊపింది, ఏడుపు ఆపుకుంటూ. పిల్ల కాసేపు గుక్కపెట్టి ఏడ్చి, అమ్మమ్మ నీళ్ళు తోడుతుంటే పాకుతూ నా దగ్గరికి వచ్చింది. నా ఒళ్ళోకెక్కి, నా జడ కొస నోట్లో పెట్టుకుంది. ఒంటికి కొబ్బరినూనె వాసన. తల నా గడ్డం కింద సరిగ్గా ఇమిడింది.

సగం దూరంలో ఇంజను ఆగింది. పెట్రోలు గొట్టంలో చెత్త అడ్డుపడిందని మా ఆయన అటు తిరిగి తలదూర్చాడు. ఒక్కసారిగా ఎక్కడా చప్పుడు లేదు. అప్పుడు తట్టింది నాకు. పన్నెండేళ్ళుగా ఈవిడ అడిగినవన్నీ ఇచ్చాం. కొబ్బరికోరాం, కిరసనాయిలు, పడవలో చోటు, ఒకటా రెండా. నేను ఆవిణ్ణి ఒక్కటంటే ఒక్కటి అడగలేదు. ఇప్పుడు ఒక్కమాట అంటే చాలు, ఆవిడ కాదనలేదు. ఊళ్ళో అందరికంటే ఆవిడే అసలు కాదనలేదు. మాట గొంతులోకి వచ్చేసింది. నోరు తడారిపోతే పెదాలు తడుపుకున్నాను.

నెయ్ రకేరా నీళ్ళు తోడడం ఆపి నన్నే చూస్తోంది. ఎంతమందిని అడిగిన మనిషి. అడగబోయేవాళ్ళ మొహం ఎలా ఉంటుందో ఆవిడకి తెలియకుండా ఉంటుందా.

"అమ్మాయ్, నేనొకటి అడుగుతున్నాను. బుబుసి" అంది.

నడిసముద్రంలో ఏం అడుగుతుంది, నీళ్ళ సీసా కాబోలనుకున్నాను. అడుగు పిన్నీ అన్నాను.

"నువ్వు నన్ను ఈ పిల్లని అడక్కు. ఈరోజే కాదు, ఎప్పుడూ అడక్కు."

ఇంతకాలం ఎవర్ని ఏది అడిగినా నవ్వుతూ అడిగిన మనిషి, అప్పుడు నవ్వలేదు. నాకు ముందు కోపం వచ్చింది, అబద్ధమెందుకు. నా నోటికాడ ముద్ద లాక్కున్నట్టయింది. ఇలాంటి బుబుసి ఎక్కడైనా ఉందా, ఎవరైనా విన్నారా అని అరవాలనిపించింది. కానీ అడిగేసింది. అడిగాక కాదనడం నాకూ రాదు.

"సరే పిన్నీ" అన్నాను.

ఇంజను అందుకుంది. మా ఆయనకి ఏమీ వినబడలేదు. నేను జడ మెల్లగా లాక్కుని, పిల్లని ఎత్తి ఆవిడ ఒళ్ళో పెట్టేశాను. బ్వారికి వచ్చేదాకా ఇద్దరం చెరోవైపు చూస్తూ కూర్చున్నాం.

ఒకరోజు మనేబాలో ముసలాళ్ళ దగ్గర, ఎవరి పేరూ చెప్పకుండా ఊరికే సందేహం అన్నట్టు అడిగాను, ఫలానాది నన్ను అడగొద్దు అని బుబుసి అడగొచ్చా అని. వాళ్ళకి మధ్యాహ్నమంతా పని దొరికింది. ఒకాయన అది చెల్లదన్నాడు, ఇంకొకాయన ఎందుకు చెల్లదని కొట్లాటకొచ్చాడు. ఆఖరికి అందరిలోకీ పెద్దాయన పొగాకు చుట్టుకుంటూ చెల్లుతుందని తేల్చాడు. కాకపోతే అంత పెద్దది అడిగిన మనిషికి, మళ్ళీ ఆ ఇంటివాళ్ళ దగ్గర ఇంకేదీ అడగడానికి మొహం ఉండదు అన్నాడు.

అప్పటికి గానీ నాకు వెలగలేదు. మరేవాని తెచ్చిన రోజు తరవాత నెయ్ రకేరా మా పడవ దగ్గరికి రావడం మానేసింది. ఎక్కడికైనా వెళ్ళాలంటే, సముద్రం వెనక్కి తీసి నేల తేలినప్పుడు పిల్లని చంకనేసుకుని పగడపు రాళ్ళ మీద నడిచి, పక్క దీవికి పోయి, అక్కడి పడవలవాళ్ళని అడుగుతోందట. పీడ పోయింది కదా, సంతోషించాలి నేను. పడవలో ఆవిడ కూర్చునే చోట మా ఆయన తాడుచుట్ట పడేస్తే ఎందుకో కసురుకున్నాను.

మరేవాకి చెవిలో చీము పట్టింది. మా ఊరి నర్సు చూసి, తన దగ్గర మందు లేదని, బేషో తీసుకెళ్ళమని చెప్పింది. ఆరోజు మా ఊరి నుంచి వెళ్ళేది మా పడవ ఒక్కటే. బస్తాలన్నీ ఎక్కించాం. చూస్తే నెయ్ రకేరా దూరంగా ఒడ్డున నిలబడి ఉంది, చంకలో చాప, భుజం మీద ఏడ్చి ఏడ్చి సోలిపోయిన పిల్ల. ఎక్కు పిన్నీ అని మా ఆయన కేకేశాడు. వద్దులే, కాసేపట్లో నీళ్ళు తీస్తాయి, నడిచిపోతాను అంది. మళ్ళీ పిలిచాడు. వద్దులే నాయనా, మీ బస్తాలున్నాయిగా అంది. పడవలో ఉన్నవాళ్ళు, ఈవిడకి పిచ్చిగానీ పట్టిందా అని ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఎక్కమని పిలిస్తే వద్దనొచ్చు. ఎన్నిసార్లయినా అనొచ్చు.

నేను పడవలోంచి దిగాను. నీళ్ళలో విసవిసా నడిచి ఆవిడ ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. మొహమంతా పీక్కుపోయి ఉంది.

"పిన్నీ, నేనొకటి అడుగుతున్నాను. బుబుసి" అన్నాను.

ఆవిడ పిల్లని రెండు చేతులతో గట్టిగా అదుముకుంది. కళ్ళలో ఎంత భయమో. నా మాట మీద అంతమాత్రం నమ్మకం లేదా అని నాకు చురుక్కుమంది, ఆ వెంటనే జాలీ వేసింది.

"మా పడవ ఎక్కు" అన్నాను. "ఈరోజే కాదు, ఎప్పుడూ ఎక్కు."

ఆవిడ ముక్కు చీదుకుని, అడిగితే ఏం చేస్తానే, కాదనలేను కదా అంది. నా వెనకే నీళ్ళలోకి వచ్చింది. పడవ ఊగుతోంది, అంచు పట్టుకుని ఎక్కాలంటే రెండు చేతులూ కావాలి. ఒక్క క్షణం ఆగి, పిల్లని నాకందించింది.

మా ఆయన ఇంజను లాగాడు. మరేవా నొప్పెడుతున్న చెవిని నా గుండెకి ఆనించుకుని మూలుగుతూ, మూలుగుతూ నిద్రపోయింది. నెయ్ రకేరా డబ్బా తీసుకుని నీళ్ళు తోడుతూ కూర్చుంది. బేషో వచ్చేదాకా పిల్లని తిరిగివ్వమని నన్ను అడగలేదు.