నోవహు మణికట్టులో పందిరి

నోవహు వేళ్లు ఊరుకోవు. బల్ల దొరికితే బల్ల మీద, టిఫిన్ డబ్బా దొరికితే దాని మూత మీద తాళం వేస్తాయి. మెట్రోలో ఒకసారి పక్కవాడి సూట్‌కేసు మీద వేశాయి. అతను సూట్‌కేసు అవతలికి జరిపాడు. నోవహు కూడా జరిగాడు.

బాపట్ల నుంచి దేశ రాజధానికి వచ్చి ఇరవై ఆరేళ్లు. ఒక మంత్రిత్వ శాఖలో గుమాస్తా. నగరం అంచున వైశాలిలో కాపురం. తెలుగు చర్చిలో డోలక్ అతనిదే. మొన్న డిసెంబరులో బాల్కనీలో క్రిస్మస్ నక్షత్రం కడుతూ స్టూలు మీంచి పడ్డాడు. ఎడమ మణికట్టు ఎముక కొంత మేర పొడై, ఖాళీ పడింది. డాక్టరు అందులో కృత్రిమ ఎముక గింజలు నింపి, పైన ప్లేటు బిగించాడు.

భార్య ఆనందకుమారి నర్సు. ఆవిడే విడమరిచి చెప్పింది.

"అవి ఎముక కాదండీ, పందిరి. మీ ఎముక తీగలా దాని మీదికి పాకాలి. పాకినకొద్దీ పందిరి కరిగిపోతుంది. నెలలు పడుతుంది. అందాకా డోలక్ ముట్టుకోకండి."

డోలక్ చిట్టిబాబు చేతికి వెళ్లింది. పాతికేళ్లవాడు, గురుగ్రామ్‌లో ఉద్యోగం. బాగానే వాయిస్తాడు. అదే నోవహుకి మింగుడు పడలేదు. ఏప్రిల్లో ఈస్టరుకి కూడా వాడే వాయిస్తే, ఇక ఆ చాప మీద తనకు చోటుండదు.

ఆపరేషనైన ఆరో వారం, శనివారం, ఒక్కడే వెళ్లి ఎక్స్‌రే తెచ్చుకున్నాడు. డాక్టరు చూసేది బుధవారం. ఆనందకుమారికి నైట్ డ్యూటీ. ఫిల్మును కిటికీకి ఎత్తి చూశాడు. దెబ్బ తగిలిన రోజు నల్లగా ఉన్నచోట ఇప్పుడు తెల్లగా, నిండుగా ఉంది. ఇంకెవరినీ అడగలేదు.

ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ లేచి, ఫిల్మును ట్యూబులైటుకి పట్టాడు.

"డాక్టరు నెలలన్నాడు. దేవుడు ఆరు వారాల్లో చేశాడు. చూడండి, కొత్త ఎముక."

అందరూ స్తోత్రం చెప్పారు. ఈస్టరు డోలక్ నోవహుదేనని పాస్టరుగారు ప్రకటించారు. చిట్టిబాబు "కంగ్రాట్స్ అంకుల్" అని డోలక్ ముందుకు జరిపాడు.

డ్యూటీ నుంచి నేరుగా వచ్చి వెనక వరసలో కూర్చున్న ఆనందకుమారి లేచింది.

"అయ్యగారూ, ఆ తెల్లగా కనబడేది డాక్టరు నింపిన గింజలు. ఆపరేషను మర్నాటి ఎక్స్‌రేలో ఇంతకంటే తెల్లగా ఉన్నాయి. ఎముక సంగతి బుధవారం తెలుస్తుంది. ఈయన పందిరి చూసి సొరకాయలు కోసేశారు."

ఆడవాళ్ల వైపు నవ్వు మొదలైంది. నోవహు ఫిల్ము దించాడు.

"దేవుడు చేశాడన్నాను గానీ, అయిపోయిందన్నానా?"

"అన్నారు. అందరం విన్నాం."

"సరే బ్రదర్," అన్నారు పాస్టరుగారు. "మీ చెయ్యి ప్రార్థనలో ఉంచుదాం. డోలక్ చిట్టిబాబు దగ్గర ఉంచుదాం."

ఇంటికి వచ్చాక నోవహు ఒక్కటే అడిగాడు. "ఈస్టరుకి ఎముక రాకపోతే?"

"పాడండి. గొంతు విరగలేదుగా."

మర్నాడు పొద్దున్నే చిట్టిబాబుకి ఫోను చేశాడు. ఆఫీసు క్యాబ్ ఎక్కేముందు డోలక్ పట్టుకుని రమ్మన్నాడు, తనకు తెలిసిందంతా నేర్పుతానన్నాడు. వాడు సంతోషంగా వచ్చి కూర్చున్నాడు. నోవహు తను నేర్చుకోడానికి మూడేళ్లు పట్టిన తాళం ఒకటి ఏరి, దానితో పాఠం మొదలుపెట్టాడు.